మర్యాదగా ఆపే పద్ధతి

ఇప్పుడు షూటింగ్ రేంజికొస్తున్న కుర్రాళ్ళకి నేను కొత్తగా నేర్పేది ఏమీ లేదు బాబూ. గన్ను చేత్తో ముట్టుకోకముందే మీరు ఫోన్లో అన్నీ చూసేసి వస్తున్నారు. గాలి తుపాకీ పేల్చి "అబ్బ, ఏం కిక్ సార్, భుజం జారిపోయింది" అంటున్నారు. బోర్లా పడుకున్నవాడల్లా స్నైపరే. నల్లగా ఉన్న పిస్తోలల్లా నైన్ ఎమ్మెమ్మే. రిటైరయ్యానన్నా వినకుండా మొన్న ఒకతను మెషిన్ గన్ నేర్పమని వచ్చాడు, కాకపోతే ఒక్కొక్క గుండే పేలేది కావాలట. చాలా సంతోషం నాయనా అన్నాను.

అందుకని పాఠం చెప్పను. ఒకే ఒక్క మాట అన్నందుకు నా ఉద్యోగం ఊడబోయిన సంగతి చెప్తాను. ఊడితే ఉద్యోగం ఒక్కటే కాదు, ఇల్లూ పోయేది. మేమున్న రెండు గదులూ క్లబ్బువే.

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి రాయపూర్ వచ్చాడు. నేను ఇక్కడే రైల్వే కాలనీలో పుట్టి, సాయుధ బలగంలో తుపాకులు బాగుచేసే పనిలో చేరి, తల నెరిశాక బయటపడ్డాను. నయా రాయపూర్‌కి వెడల్పాటి రోడ్లు పడి, వాటి మీద తిరగడానికి మనుషులు ఇంకా రాని రోజులవి. మందిర్ హసౌద్ ఊరు దాటాక ఆ దారిలోనే నలుగురు డబ్బున్నవాళ్ళు కలిసి ఒక షూటింగ్ క్లబ్బు పెట్టారు. అందులో నన్ను రేంజ్ ఆఫీసరుగా తీసుకున్నారు. ఆఫీసరంటే ఏదో ఊహించుకునేరు. ఎవరు ఎప్పుడు పేల్చాలో, ఎప్పుడు ఆపాలో అరిచి చెప్పే మనిషి, అంతే. రేంజి వెనకున్న గదుల్లో మా ఆవిడ దిగిన మర్నాడే బచ్చలి పాదు పెట్టేసింది. "ఇంక నన్నిక్కడనించి కదపకండి" అని కూడా చెప్పేసింది.

నన్ను అక్కడ అందరూ రావ్ సాబ్ అనేవాళ్ళు. నా పేరులో ఎక్కడ వెతికినా రావు లేడు. కానీ ఈ ఊళ్ళో తెలుగువాడైతే చాలు, రావే. మనిషి పేరే సరిగ్గా పలకనివాళ్ళు తుపాకీ భాగాల పేర్లు సరిగ్గా పలుకుతారని నేనెందుకు ఆశపడ్డానో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

మా మెంబర్లలో ఒక పళ్ళ డాక్టరుండేవాడు. నోట్లో ప్రతి పన్నునీ పేరు పెట్టి పిలిచే మనిషి. తుపాకీ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆయనకి అన్నీ గుర్రాలే. హిందీలో ట్రిగ్గర్‌ని ఘోడా అంటారు, అంతవరకు సరే అనుకున్నాను. హ్యామరూ గుర్రమే, సేఫ్టీ మీటా గుర్రమే అంటే ఎలా? "రావ్ సాబ్, ఘోడా అటక్ గయా" అని కేకేసేవాడు. ఏ గుర్రం ఇరుక్కుందో తెలియక నేను పరుగెత్తేవాణ్ణి. తూటాలు పెట్టే మేగజీన్ని క్లిప్ అనేవాడు. తూటా మొత్తాన్ని బుల్లెట్ అనేవాడు. "డాక్టర్ సాబ్, బుల్లెట్ అంటే ముందు ఎగిరిపోయే ముక్క ఒక్కటే. ఇత్తడి గొట్టం, మందు, అన్నీ కలిస్తే కార్ట్రిడ్జ్. నేను పంటినొప్పితో మీ దగ్గరికొచ్చి దవడ పీకెయ్యండి అంటే పీకేస్తారా?" అని అడిగాను. "ఫీజిస్తే పీకేస్తా" అన్నాడు. ఏం చేస్తాం!

సెక్రటరీ మన తెలుగాయనే. నయా రాయపూర్‌లో సర్కారు ఆఫీసులో పెద్ద ఉద్యోగం, విజయవాడ వైపు మనిషి. ఆయన ఇంగ్లీషు మీద ఆయనకి మహా నమ్మకం. గేటు దగ్గర పెద్ద బోర్డు రాయించాడు: "మెంబర్స్ విల్ బీ షాట్ బిట్వీన్ టెన్ అండ్ ఫైవ్." అంటే పది నుంచి ఐదు దాకా మా దగ్గర మెంబర్లనే కాలుస్తారన్నమాట. సంగతి నెమ్మదిగా ఆయన చెవిన వేశాను.

"అర్థమవుతోంది కదా గురువుగారూ, మళ్ళీ పెయింటర్ని ఎక్కడ పట్టుకుంటాం? చలేగా, వదిలెయ్యండి" అన్నాడు.

"అర్థమవుతోంది కాబట్టే చెప్తున్నానండి" అన్నాను. ఆ బోర్డు నేను రిటైరయ్యేదాకా అలాగే ఉంది. దాన్ని చూసి లోపలికొచ్చిన ధైర్యవంతులకి నా జోహార్లు.

అందరికంటే పైన ప్రెసిడెంటు. ఉర్లా పారిశ్రామికవాడలో ఇనుము రోలింగ్ మిల్లున్న సేఠ్. మనసు మంచిది, గొంతు పెద్దది. రేంజిలో ఆయన ఒక ఆచారం పెట్టాడు. తక్కిన చోట్ల పేల్చడం అయ్యాక టార్గెట్ కాగితాన్ని తీసుకొచ్చి మనిషికి చూపిస్తారు. మా దగ్గర మనిషే కాగితం దగ్గరికి వెళ్ళాలి. ఆయన గుండు ఒక్కటి నల్ల వలయంలో పడితే చాలు, పిస్తోలు బల్ల మీద పెట్టి, పాతిక మీటర్లూ నడిచి వెళ్ళి, ఆ కన్నం మీద వేలు పెట్టి ఫోటో దిగేవాడు. ఆయన్ని చూసి అందరూ మొదలెట్టారు. ఫోన్లో తన ఫోటో తానే తీసుకునే జబ్బు ఊళ్ళోకి అప్పుడే వచ్చింది. ఇంక చూడండి, ఆదివారం వస్తే గుళ్ళో దర్శనానికి పోయినట్టు టార్గెట్ల దగ్గరికి జనం.

గుర్రాలూ, క్లిప్పులూ, బోర్డులూ అన్నీ తిట్టుకుంటూనే భరించాను. ఒక్క మాట దగ్గర మాత్రం నేను మొండికేసేవాణ్ణి. అది స్టాప్. నేను స్టాప్ అని అరిచానంటే ఎవరూ ఎందుకని అడగకూడదు. గన్ను బల్ల మీద పెట్టాలి, గొట్టం మూతి ఎదురు గోడవైపు ఉండాలి, చేతులు ఎత్తెయ్యాలి, ఒక అడుగు వెనక్కెయ్యాలి. కోటీశ్వరుడైనా అంతే, కలెక్టరైనా అంతే. ఈ ఒక్కటీ వాళ్ళ ఒంట్లోకి ఎక్కేదాకా నెలల తరబడి చేయించాను. నా గొంతు సంగతి కూడా చెప్పాలి. బలగంలో మైదానం ఆ చివరికి వినపడేలా అరిచిన గొంతది. క్లబ్బులో అరిస్తే బయట రోడ్డు మీద సైకిలువాడు కూడా ఆగేవాడు.

ఆ గొంతే నాకు చేటు తెచ్చింది.

ఒక ఆదివారం పళ్ళ డాక్టరు గురి చూసుకుంటుంటే నేను స్టాప్ అని అరిచాను. ఎవరో ఫోటో కోసం బయల్దేరారు మరి. డాక్టరు అదిరిపడ్డాడు. తన పేషెంట్లు ఎలా అదిరిపడతారో ఆయనకి తెలియంది కాదు, అయినా కోపమొచ్చింది. కమిటీకి ఫిర్యాదు చేశాడు. రావ్ సాబ్ పెద్దవాళ్ళని కుక్కల్ని అదిలించినట్టు అదిలిస్తున్నాడని, తన బీపీ పెరిగిందని.

కమిటీ కూర్చుంది. సమోసాలు తెప్పించారు. చైనాతో సంధి రాసుకుంటున్నంత సీరియస్‌గా, షూటర్లని మర్యాదగా ఆపడం ఎలా అని చర్చించారు. "మే వీ పాజ్" బాగుంటుందని ఒకరన్నారు. సెక్రటరీ దాంట్లో వ్యాకరణం తప్పుందేమో చూడాలన్నాడు! ఆ బోర్డు రాయించిన మనిషే! చివరికి హిందీలో ఒక వాక్యం ఖాయం చేశారు: "సజ్జనో, కృపయా విరామ్ లీజియే." పెద్దమనుషులారా, దయచేసి విరామం తీసుకోండి. అది మైకులో, మెత్తగా చెప్పాలి. నా గొంతు మెత్తబడదు కాబట్టి మైకు సెక్రటరీ దగ్గరుంటుంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "దయచేసి అన్నాక అది బతిమాలినట్టు ఉంటుంది సార్. బతిమాలితే మనిషి, సరేలే ఈ రెండు గుండ్లూ పేల్చి ఆపుదాం అనుకుంటాడు. ఆపు అంటే ఆగాలి, ఆలోచించకూడదు" అన్నాను.

ప్రెసిడెంటు సమోసా తుంచుతూ నావైపు చూశాడు. "రావ్ సాబ్, మీరు క్లిప్ అనొద్దంటారు, బుల్లెట్ అనొద్దంటారు, విన్నాం. ఇప్పుడు మేం ఒక్క మాట అనొద్దంటున్నాం, వినండి. ఇక్కడికొచ్చేది ఖైదీలు కాదు. ఇంకోసారి మెంబర్ల మీద ఆ అరుపు వినపడిందా, అదే మీ ఆఖరి రోజు. గదులు కూడా ఖాళీ చెయ్యాల్సి ఉంటుంది."

ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాను. ఆవిడ బచ్చలాకు కోస్తోంది. "ఆళ్ళు క్లిప్పంటే మీ సొమ్మేటి పోయిందండీ? రోజూ పొద్దుగూకులూ ఆళ్ళ మాటలు దిద్దితే ఇలాగే ఉంటాది. ఇప్పుడీ వయసులో నేను సామాన్లు సర్దలేను. నోరు మూసుకుని ఉద్యోగం సెయ్యండి" అంది. సరే అన్నాను. నిజంగానే మూసుకున్నాను. డాక్టరు గుర్రం అంటే గుర్రమే అన్నాను. సెక్రటరీ మైకులో తేనె కారుస్తుంటే పక్కన దిష్టిబొమ్మలా నిలబడ్డాను. నేననుకున్నట్టే, ఆయన దయచేసి అన్నాక కూడా ఠప్ ఠప్ మని ఇంకో రెండు మూడు పేలేవి. తర్వాత నవ్వుకుంటూ దించేవాళ్ళు. ఫోటో కోసం బయల్దేరేవాళ్ళు కూడా ఆ ఠప్ ఠప్‌లు అయ్యాకే కదలడం నేర్చుకున్నారు. పద్ధతి బాగా కుదిరిందని కమిటీ సంతోషించింది.

వార్షికోత్సవం వచ్చింది. షామియానాలు, పూలు, ఒక పెద్ద అధికారి ముఖ్య అతిథి. ప్రెసిడెంటు నల్ల కోటు కుట్టించుకుని వచ్చాడు. అతిథి ముందు ఐదు గుండ్లు పేల్చాడు. ఎప్పుడూ లేనిది, మూడు నల్ల వలయంలో పడ్డాయి. ఇంక ఆయన్ని పట్టేదెవరు! పిస్తోలు బల్ల మీద పెట్టి సెక్రటరీకి సైగ చేశాడు. "సజ్జనో, కృపయా విరామ్ లీజియే" అని మైకు పాడింది. అతిథి చూస్తున్నాడన్న ఉత్సాహంలో ప్రెసిడెంటు ఠప్ ఠప్‌ల కోసం ఆగలేదు. ఫోన్ పట్టుకుని గబగబా నడిచాడు.

మిగతావాళ్ళు దించేశారు. పక్క లేన్‌లో, అంటే పక్క బల్ల దగ్గర, పళ్ళ డాక్టరు మాత్రం చెవులకి మఫ్‌లు పెట్టుకుని చెయ్యి చాచే ఉన్నాడు. మేగజీన్లో ఇంకా గుండ్లు మిగిలున్నాయి, దయచేసి అన్నారు కదా, అవి అవగొట్టి దించుదామనుకున్నాడు. అక్కడ ప్రెసిడెంటు టార్గెట్‌కి వీపు పెట్టి ఫోన్ ఎత్తాడు. వెనక కట్టిన వార్షికోత్సవం బేనరు ఫోటోలో పూర్తిగా పడలేదు కాబోలు, పక్కకి జరిగాడు. ఇంకొంచెం జరిగాడు. అలా జరుగుతూ జరుగుతూ డాక్టరు లేన్‌లోకి వచ్చేశాడు.

పిస్తోలు గురి చూసేటప్పుడు చూపు గొట్టం కొసనున్న ముందు సైట్ మీద ఉండాలి, టార్గెట్ మసకగా కనపడినా పరవాలేదు అని నేనే వాళ్ళకి నేర్పాను. ఏళ్ళ తరబడి ఒక్క ముక్కా చెవిన పెట్టని డాక్టరు ఆ రోజు అది తు.చ. తప్పకుండా పాటిస్తున్నాడు. ఆయనకి ముందు సైట్ వెనక నల్లగా ఏదో మసగ్గా కనపడుతోంది. అది కోటు.

నాకు బచ్చలి పాదు గుర్తొచ్చిందని చెప్తే గొప్పగా ఉంటుందిగానీ, ఏమీ గుర్తు రాలేదు. నోరు తెరుచుకుంది, అంతే.

"స్టాప్!"

మఫ్‌లు కాదు కదా, గోడలున్నా ఆగే అరుపు కాదది. డాక్టరు చెయ్యి దిగింది. గన్ను బల్ల మీద, మూతి గోడవైపు, చేతులు పైకి, ఒక అడుగు వెనక్కి. లైన్లో ఉన్నవాళ్ళంతా కూడా, అప్పటికే దించేసినవాళ్ళతో సహా, ఇంకో అడుగు వెనక్కేశారు. ప్రెసిడెంటు ఉలిక్కిపడి ఫోన్ జారవిడిచాడు. షామియానాలో అతిథి చేతిలో టీ కప్పు తొణికి తెల్ల చొక్కా మీద పడింది.

మర్నాడు సాయంత్రం కమిటీ. మళ్ళీ సమోసాలు. మా ఆవిడ ఆ పొద్దున్నే ట్రంకుపెట్టె కిందికి దింపి దుమ్ము దులిపింది.

నా మీద నేరాలు మూడు. నిషేధించిన మాట అనడం. ప్రెసిడెంటుగారి ఫోన్ అద్దం పగలడానికి కారణం కావడం. ముఖ్య అతిథి చొక్కా మీద టీ. మూడోది చాలా తీవ్రమైందని అందరూ తలూపారు. సెక్రటరీ కళ్ళజోడు సర్దుకుంటూ, తెలుగులో, నాకు మాత్రమే వినపడేట్టు, "సారీ చెప్పెయ్యండి గురువుగారూ, బాత్ ఖతమ్ అయిపోతుంది" అన్నాడు.

"లైన్లో ఒక గన్ను ఎత్తే ఉంది సార్" అన్నాను.

ప్రెసిడెంటు నవ్వాడు. "ఎవరిది, డాక్టరుదా? ఇన్నేళ్ళ దోస్తు రావ్ సాబ్. నా మీద పేలుస్తాడా? అరవాలని ఉంది, అరిచారు. ఇంక మేం చేసేదేముంది. నెలాఖరుకి గదులు..."

"మేగజీన్ గన్నులోనే ఉంది."

ఆ మాట అన్నది డాక్టరు. ముందున్న సమోసా ముట్టుకోలేదు. బల్ల వైపు చూస్తూ, పేషెంటు రిపోర్టు చదువుతున్నట్టు చెప్పుకుపోయాడు.

"మేగజీన్ గన్నులోనే ఉంది. ఛాంబర్లో కార్ట్రిడ్జ్ ఉంది. సేఫ్టీ తీసే ఉంది. ముందు సైట్ స్పష్టంగా ఉంది. దాని వెనక నల్లగా కనపడింది, టార్గెట్ అనుకున్నాను. వేలు ట్రిగ్గర్ మీద ఉంది. సగం నొక్కేశాను. అప్పుడు రావ్ సాబ్ అరిచాడు." ఆగి, ప్రెసిడెంటు వైపు తిరిగాడు. "దించాక చూశాను భయ్యా. అది నీ కోటు."

అన్ని పేర్లూ సరిగ్గా చెప్పాడు. మేగజీన్, కార్ట్రిడ్జ్, ఛాంబర్, ట్రిగ్గర్. ఒక్క తప్పు లేదు. ఏళ్ళ తరబడి ఆ నోట ఆ మాటలు వినాలని గొంతు చించుకున్నవాణ్ణి, నాకేమీ సంతోషం కలగలేదు. ఒక్కసారి గుర్రం అనవయ్యా బాబూ, ఎప్పట్లా క్లిప్ అనవయ్యా, అందరం నవ్వేసి లేచిపోదాం అనిపించింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ప్రెసిడెంటు లేచి బయటికి వెళ్ళాడు. కిటికీలోంచి చూస్తే, ఖాళీ రేంజిలో డాక్టరు లేన్ ముందు నిలబడి, పాతిక మీటర్ల అవతలి కాగితం వైపు చూస్తున్నాడు. తిరిగొచ్చి మైకు తీసి నా ముందు పెట్టాడు. "మీకిది అవసరం లేదనుకోండి" అన్నాడు. కమిటీ అంతటితో ముగిసింది. చొక్కా సంగతి ఎవరూ మళ్ళీ ఎత్తలేదు.

ఇంటికెళ్ళేసరికి మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది. "ఏటన్నారు?" అంది. "ఉండమన్నారు" అన్నాను. ఆవిడ ట్రంకుపెట్టెని మంచం కిందికి తోసేసి, ఏడుస్తూ స్టవ్ వెలిగించింది.

ఇంక అందరూ మారిపోయారనుకుంటున్నారేమో. రామ రామ! మరుసటి ఆదివారానికే డాక్టరు "రావ్ సాబ్, క్లిప్ మే బుల్లెట్ ఫస్ గయా" అని కేకేశాడు. క్లిప్పులో బుల్లెట్ ఇరుక్కుందట! నేను మురిసిపోయి పరుగెత్తాను. ఆ తర్వాత అవి దిద్దడం మానేశాను. గుర్రమే అనుకోండి, గాడిదే అనుకోండి, నాకేం. ఫోటోల దర్శనం మాత్రం బందు. కాగితమే మనిషి దగ్గరికి వచ్చేది.

మోకాళ్ళు మొరాయించాక నేనే మానేశాను. వీడ్కోలు సభ పెట్టారు. ప్రెసిడెంటు మైకు పట్టుకున్నాడు. రావ్ సాబ్ మాకు క్లిప్పులో బుల్లెట్లు పెట్టడం నేర్పాడు, గుర్రం నొక్కడం నేర్పాడు అని మొదలెట్టాడు. పక్కన సెక్రటరీ నా సేవల్ని పొగుడుతూ ఇంగ్లీషులో రాయించిన జ్ఞాపిక పట్టుకుని నిలబడ్డాడు. దాని ప్రకారం క్లబ్బు నన్ను ఎన్నటికీ క్షమించదు. మర్చిపోదు అనబోయాడని నా ఊహ. ప్రెసిడెంటు ఎంతకీ దిగడు. పూరీలు చల్లారిపోతున్నాయి. మా ఆవిడ మోచేత్తో పొడిచింది. "ఎంతసేపండీ ఈ గోల? అనండి మీ మాట."

లేచి నిలబడకుండానే అన్నాను. పాత గొంతు అంత రాలేదుగానీ, వచ్చింది.

"స్టాప్!"

హాలు బిగుసుకుపోయింది. డాక్టరు చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టి ఒక అడుగు వెనక్కేశాడు. స్టేజి మీద ప్రెసిడెంటు సగం వాక్యంలో ఆగిపోయి, మైకుని మెల్లగా బల్ల మీద పెట్టాడు. దాని మూతి గోడవైపు తిప్పాడు. రెండు చేతులూ ఎత్తి, ఒక అడుగు వెనక్కి వేసి నిలబడ్డాడు. ఎందుకని అడగలేదు.